మూడు చేతుల కోటు

మెట్ల కింది గదిలో ఇరవయ్యేళ్లుగా ఆవిడది ఒకటే పని: చిరిగిన బట్టను చిరగనట్టు కనిపించేలా కుట్టడం. వీధిలో అందరికీ ఆవిడ రఫూ అక్క. ఎక్కడ కుట్టిందో కనబడక, అసలు కుట్టిందా లేదా అని జనం అనుమానపడేవారు. అంతకుమించిన మెప్పు ఆవిడకు ఎన్నడూ దక్కలేదు.

ఒకరోజు చెవికి చిన్న తాళంకప్ప వేలాడేసుకున్న డిజైనరు ఒకాయన మెట్లు దిగి వచ్చాడు.

"మనిద్దరం కలిసి పన్నెండు కోట్లు కుడదామండీ. పన్నెండే. పదమూడోది ఈ భూమ్మీద ఉండకూడదు."

"ఏమండీ, గుడ్డ చాలదా?"

ఆయన జాలిగా నవ్వి కాగితం పరిచాడు. కోటుకు మూడు చేతులు. మూడోది వీపులోంచి. కాలరేమో నడుం దగ్గర.

రఫూ అక్క మొదటి కోటు ప్రాణం పెట్టి కుట్టింది. డిజైనరు పెదవి విరిచాడు. "మరీ శుభ్రంగా ఉందండీ. ఇందులో బాధేదీ?" రఫూ అక్క దాన్ని విప్పి, సుద్దతో గీతలు గీసి, కొలిచి మరీ వంకరగా కుట్టింది. ఆ వంకర కూడా ముచ్చటగా, ఒకే తీరుగా వచ్చింది. తనకు చేతకాని పని ఒకటుందని తెలిసి, ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు.

ఆవిడ తోడికోడలు ఒకప్పుడు లంగా కుట్టబోయి గోనెసంచి కుట్టిన మనిషి. తొమ్మిదేళ్లుగా ఆమెను మిషను దగ్గరికి రానివ్వలేదు.

"అక్కా, పోనీ నేను కుట్టనా?"

"కుట్టు తల్లీ. ఇంతకన్నా చెడేదేముంది!"

మధ్యాహ్నానికల్లా కోటు తయారైంది. దారాలు ఉండకట్టాయి, ఒక చెయ్యి తిరగబడింది. డిజైనరుకు కళ్లు చెమర్చాయి.

"ఈవిడ ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

"వంటింట్లో," అంది రఫూ అక్క.

పన్నెండు కోట్లూ ఆమె చేతే కుట్టించి, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ నేలమాళిగలో ప్రదర్శన పెట్టారు. కుర్చీలు వెయ్యలేదు, కూర్చుంటే కళ అర్థం కాదట. కాళ్లు పీకుతున్నా జనం చప్పట్లు కొట్టి, పన్నెండూ కొనేశారు. తోడికోడలిని వేదికెక్కించారు. రఫూ అక్క తెర వెనక గుండుసూదులు పట్టుకుని నిలబడింది.

వారం తిరిగేసరికి నల్లకళ్లద్దాల ఆవిడ ఒకరు కోటు సంచిలో దాచి తెచ్చారు. "ఎవరికీ చెప్పకండి. ఈ మూడో చెయ్యి కారు తలుపులో పడుతోంది. తీసేసి మామూలు కోటు చేసిపెట్టండి." రెండు నెలల్లో తొమ్మిది కోట్లు అలాగే వచ్చాయి. మెట్ల మీద ఎదురుపడ్డ వాళ్లు ఒకరినొకరు ఎరగనట్టు నటించారు.

రఫూ అక్కకు సంతోషం కలగాలి. కానీ తోడికోడలు గుమ్మంలో నిలబడి, "నేను కుట్టినవన్నీ విప్పేస్తున్నావా అక్కా?" అనేసరికి కత్తెర ఆగిపోయింది.

"ఇలా కూర్చో," అంది రఫూ అక్క, పక్కకు జరిగి. "ఎలా విప్పాలో, ఎలా కుట్టాలో చూపిస్తా."

తర్వాతి కలెక్షను కోసం డిజైనరు పరుగున వచ్చాడు. తోడికోడలు కుట్టిన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్టు తిన్నగా ఉంది.

"చేతులారా పాడుచేశారండీ ఈవిణ్ణి!" అంటూ విసురుగా వెళ్లిపోయాడు.

తోడికోడలు ఆ కుట్టును వేలితో తడిమి చూసుకుంది. తర్వాత బళ్లో పిల్లల యూనిఫాం అంచులు ముందేసుకుని కూర్చుంది.