వలకు పెట్టిన సారె

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టడానికి నీకింకా అంత వయసు ఎక్కడుందని మా ఆయన నవ్వుతాడు. నిజమే, నేను చెప్పబోయే కాలానికి అందరి చేతుల్లోనూ ఫోన్లు వచ్చేశాయి, టెక్కలి సందుల్లో కూడా జనం తలలు వంచుకునే నడుస్తున్నారు. అయినా మొదటి ఉద్యోగం నాటి రోజులు ఎవరికైనా 'ఆ రోజులే'. అప్పుడు నేను డిగ్రీలో కెమిస్ట్రీ పూర్తిచేసి, మేడ మీద బట్టలు ఆరేయడానికని వెళ్ళి, మబ్బుల్ని చూస్తూ నిలబడిపోయి, ఆరేయాల్సిన బట్టలు బకెట్లోనే ఆరిపోయాక కిందికి దిగివచ్చే దశలో ఉన్నాను. "ఈ గుంటకి పగలే కలలొత్తన్నాయి, దీన్నేటి సేయాలి?" అని మా అమ్మ కనపడిన వాళ్ళందరినీ అడిగేది. అలా అడగ్గా అడగ్గా చివరికి దొరికినవాడు రూలు మావ.

రూలు మావ అమ్మకు పిన్ని కొడుకు, నాకు మావ వరస. మనిషి మంచివాడే గాని, నోరు తెరిస్తే రూలు. పెళ్ళి భోజనంలో సాంబారు కంటే ముందు రసం వచ్చిందని లేచి నిలబడినవాడు (నేను కళ్ళారా చూశాను). ఆయనకు పలాస దగ్గర ఒక రేకుల షెడ్డు ఉండేది. ఉద్దానం తీరం వెంబడి ఊళ్ళలో పాడైపోయిన నైలాను వలలు సేకరించి, వేరుచేసి, కడిగి, బేళ్ళు కట్టి విదేశానికి పంపాలని ఆయన పథకం. అక్కడ ఒక కర్మాగారంలో వాటిని కరిగించి మళ్ళీ నూలు తీస్తారు. ఊళ్ళకు వెళ్ళి జనంతో మాట్లాడడానికీ, ఫారాలు నింపడానికీ చదువుకున్న మనిషి కావాలన్నాడు. నేను మర్నాటి నుంచే నౌపడాలో ప్యాసింజరు ఎక్కడం మొదలుపెట్టాను. కిటికీ పక్కన కూర్చుని జీడిమామిడి తోటలు చూస్తూ చూస్తూ పలాసలో దిగాల్సినదాన్ని తర్వాతి స్టేషను సుమ్మాదేవి దాకా వెళ్ళిపోయింది మొదటి వారంలో రెండుసార్లే.

మొదటి రోజే మావ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "సూడమ్మా, తుక్కుని ఊరు దాటించడం ఏరు, దేశం దాటించడం ఏరు. ఎనకటికి పెద్ద దేశాలోళ్ళు రీసైక్లింగని పేరెట్టి తమ ఇంట్లో మురికంతా ఓడలకెక్కించి పేద దేశాల ఒడ్డున పడేసీవోరు. వొద్దని సెప్పడానికి ఈళ్ళకి నోరుండీది కాదు. అందుకే దేశాలన్నీ కూకుని రూలెట్టుకున్నాయి." ఆ రూలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒకటే రకం ప్లాస్టిక్ అయి, వేరుచేసి, శుభ్రంగా ఉండి, తిరిగి వాడకానికే వెళ్తుంటే సరే. రకాలు కలిసిపోయినా, మురికి ఉన్నా, పుచ్చుకునే దేశం ప్రభుత్వాన్ని ముందుగా అడగాలి, వాళ్ళు సరేనని రాసివ్వాలి. ఆ కాగితం లేకుండా పంపితే వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగి వస్తుంది, తెచ్చుకునే బాధ్యత పంపినవాళ్ళదే. "మన సరుకులో నైలాను తప్ప గడ్డిపోసైనా ఉండకూడదు. రూలు రూలే," అని మావ ముగించాడు. నేను తల ఊపాను గాని, నా మనసు అప్పటికే ఓడెక్కి సముద్రం మధ్యలో ఉంది.

ఆ ఓడ ప్రయాణమే నా కొంప ముంచింది. తీరం పక్కన ఒక ఊళ్ళో, కొబ్బరిచెట్ల నీడలో, ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడమంటే, నేను మావ చెప్పిన రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. సముద్రంలో వదిలేసిన వల ఎవరూ లాగకపోయినా ఏళ్ళ తరబడి చేపల్నీ తాబేళ్ళనీ పట్టి చంపుతూనే ఉంటుందని చెప్పాను. ఒడ్డున తగలబెడితే ఆ పొగ మన పిల్లలే పీలుస్తారని చెప్పాను. కొత్త నైలాను కావాలంటే భూమిలోంచి చమురు తోడాలి, పాతదాన్ని కరిగించుకుంటే ఆ తోడుడు కొంతైనా తగ్గుతుందని చెప్పాను. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఎదురుగా సముద్రం మెరుస్తోంది, గాలి చల్లగా వీస్తోంది, నా గొంతు నాకే తియ్యగా వినిపిస్తోంది. "మీ వల చచ్చిపోవడం లేదు మామ్మా," అన్నాను ముందు వరుసలో కూర్చున్న ముసలామెతో. "సముద్రం దాటి చల్లటి దేశానికి వెళ్తుంది. అక్కడ కొత్త జన్మ ఎత్తుతుంది. మంచు పడే ఊళ్ళో ఎవరింట్లోనో తివాచీ అయి పడుకుంటుంది. వాళ్ళ పాపాయి దాని మీద అడుగులు నేర్చుకుంటుంది." ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నా కళ్ళూ చెమ్మగిల్లాయి (నా ప్రసంగానికి నేను ఏడవడం అదే మొదలు, అదే ఆఖరు).

ఆ ముసలామెను ఊరంతా వలల మామ్మ అనేవారు. ఆమె పెనిమిటి, మేము తాత అని పిలిచే ఆయన, ఆ చుట్టుపక్కల వల అల్లడంలో ఆయన తర్వాతే ఎవరైనా అనిపించుకున్న మనిషి. కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు పలాసకు డయాలసిస్‌కి తిరుగుతూ, రెండేళ్ళ కిందటే సముద్రానికి వెళ్ళడం మానేశాడు. ఆయన చివరి వల ఇంటి వెనక కర్ర మీద అలాగే వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవరడిగినా మామ్మ ఇవ్వలేదట. నా మాటలు విన్నాక మాత్రం నా గడ్డం పట్టుకుని, "నువ్వు సెప్పినాక నాకు దిగులు పోనాదే గుంటా. అంపిత్తాను. పుట్టినోళ్ళు ఎక్కడో ఓకాడికి ఎల్లాల కదా," అంది.

పది రోజుల్లో ఆ ఊరి నుంచి నలభై మూటలు షెడ్డుకి వచ్చాయి. చెప్పినట్టే తాళ్ళు తీసేశారు, వలను తేల్చే బెండ్లు తీసేశారు, సీసపు గుళ్ళు తీసేశారు. ఒక్కో మూటకీ పసుపు దారం చుట్టి, ముడిలో వేపాకు గుచ్చారు. ప్రతి మూటా విప్పి చూసి తర్వాతే గుట్టలో వేయాలని మావ రూలు, ఆ పని నాది. నేను ఆ పసుపు దారాల్ని చూసి, "ఎంత అందంగా పంపారో" అని మురిసిపోయి, అంత అందాన్ని విప్పడానికి చేతులు రాక, నలభై మూటలకీ నలభై టిక్కులు పెట్టేశాను. నా జీవితంలో అంత వేగంగా చేసిన పని ఇంకోటి లేదు.

బేళ్ళు కట్టే ముందు సరుకు చూసి ఫొటోలు తీసి రాసుకోవడానికి విశాఖ నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. తెల్లచొక్కా, నల్లద్దాలు, పెదవి విప్పని మనిషి. చేతికందిన మూటొకటి తీసి కత్తితో దారం కోశాడు. వల విప్పుకుంది. ముందు బియ్యం జలజలా రాలాయి. ఆ వెనక పసుపు కొమ్ములు, అరచెక్క కొబ్బరి, గుప్పెడు జీడిపప్పు, ఆకుపచ్చ గాజులు డజను, దువ్వెన, చిన్న అద్దం. అన్నిటికీ చివర, అరటాకులో భద్రంగా చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలు. షెడ్డంతా గుప్పున వాసన కొట్టింది. తనిఖీ ఆయన నల్లద్దాలు తీసి, రెండో మూట కోశాడు. అందులో అరిసెలు కూడా ఉన్నాయి.

"ఇందులో నైలాను ఏదండీ?" అన్నాడాయన.

మావ ఆ గాజుల్ని చేతిలోకి తీసుకుని చూశాడు. సారె! నలభై వలలకీ నలభై సారెలు. అత్తారింటికి వెళ్ళే ఆడపిల్లకి పెట్టినట్టు మామ్మ తన వలకి సారె పెట్టింది, ఒకరు పెడితే ఇంకొకరు ఊరుకుంటారా, ఊరంతా పెట్టింది. దేశం కాని దేశంలో కొత్త జన్మ ఎత్తబోతున్నదని కన్నీళ్ళతో చెప్పిందెవరు? నేనే. తనిఖీ ఆయన మాత్రం మర్యాదగా, ఎల్లుండి పొద్దున్నకల్లా సరుకు శుభ్రంగా కనపడకపోతే 'మురికి, కలగలుపు' అని రాయక తప్పదన్నాడు. అలా రాస్తే సరుకు ఎక్కాల్సిన కంటెయినరు పెట్టె కదలదు. పుచ్చుకునే దేశాన్ని అడిగి, వాళ్ళు ఒప్పుకుని, ఆ కాగితం వచ్చేదాకా కాచుకునే ఓపిక మా చిన్న షెడ్డుకి లేదు. వలలు వెనక్కి వెళ్ళి ఒడ్డున తగలబడతాయి. "ఎల్లి నువ్వే సెప్పు ఆళ్ళకి," అన్నాడు మావ. ఆ ఒక్క పూట రూలు అనలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఉద్యోగం పోతే మేడ మీద మబ్బులు ఎలాగూ ఉన్నాయి. కానీ, నువ్వు ప్రేమగా పెట్టిన సారె మా కాగితాల్లో మురికి కింద లెక్క అని మామ్మ ముఖం చూసి ఎలా చెప్పను?

చెప్పాను. ఆటోలో వెళ్ళి, ఆమె గుమ్మం ముందు నిలబడి, చెప్పులు చూసుకుంటూ చెప్పాను.

"సారె తిప్పి అంపే దేసం అదేటి దేసమే?" అంది మామ్మ. "దార్లో దానికి ఏటైనా అయితే? ఒట్టి సేతుల్తో అంపిత్తే మాకు మాట రాదా?"

నాకు మావ చెప్పిన పాఠం తప్ప ఇంకేం తోచలేదు. పెద్ద దేశాలు మంచిమాటల మూటలో మురికి కట్టి పంపేవాళ్ళనీ, మూట విప్పుకున్న పేదవాళ్ళు ఆ చెత్తలోనే బతికేవాళ్ళనీ, అందుకే ఇప్పుడు ఎవరు పంపినా, ఎంత మంచి మనసుతో పంపినా, లోపల ఏముందో ముందే చెప్పి, అక్కరలేనిది తీసేసి పంపాలనీ చెప్పాను. ఈసారి నా గొంతు నాకు తియ్యగా వినిపించలేదు. మామ్మ విని, కొంగు నడుముకు దోపుకుంది. "అయితే మంచి రూలే. అడక్కుండా ఒకరింట్లో ఏదీ పొయ్యకూడదు. ముందే ఇలగ సెప్పుంటే పోనాది కదే! తివాసీ అన్నావు, పాపాయన్నావు, ఏటేటో అన్నావు," అని నన్ను ఒక్క మొట్టికాయ మొట్టి, ఊళ్ళో ఆడవాళ్ళందరినీ కేకేసింది.

మర్నాడు పొద్దున్నే ఆటోల నిండా జనం దిగారు. నలభై మూటలూ విప్పారు, గింజ గింజా ఏరారు, వలల్ని మళ్ళీ కడిగి ఎండలో పరిచారు. ఏరిన బియ్యం వృథా కానిస్తారా, షెడ్డు వెనక రాళ్ళు పెట్టి వండేశారు, నెత్తళ్ళ పులుసు పెట్టారు. ఒక రోజు ముందుగానే చూద్దామని వచ్చిన తనిఖీ ఆయన, ముందు వద్దని, తర్వాత కొంచెమని, ఆ తర్వాత చొక్కా చేతులు మడిచి మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఎండలో అన్ని రంగుల వలలూ మెల్లగా ఊగుతున్నాయి, ఆకుపచ్చ, నీలం, ఎండకు వెలిసి ఏ రంగో చెప్పలేనివీ. వాటి మధ్య నడుస్తుంటే సముద్రం అడుగున నడుస్తున్నట్టే ఉంది నాకు (మావ కేకేసేదాకా).

అన్నాలు తిన్నాక చూస్తే తాత లేడు. ఆ రోజు ఆయనకు ఆసుపత్రి లేదని మామ్మతో పాటే వచ్చాడు. వెతికితే, పరిచిన వలల చివర నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తన వల, చేతిలో వల అల్లే సూది. ఎప్పుడో తెగిన కన్నాల్ని ఒక్కొక్కటే పట్టుకుని అల్లుతున్నాడు. డయాలసిస్ సూదులు పొడిచి పొడిచి చెయ్యి ఉబ్బిపోయి ఉంది గాని, వేళ్ళు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. తనిఖీ ఆయన వంగి ఆ దారం పట్టి చూశాడు.

"నైలానే బాబూ," అన్నాడు తాత తలెత్తకుండా.

"అదికాదు తాతా, దీన్ని అక్కడ మిషన్లో వేసి ముక్కలు చేసేస్తారు కదా, ఇప్పుడు కుట్టడం దేనికి?"

ఆ సంగతి నేను నా ప్రసంగంలో చెప్పనే లేదు. తాత సూది ఆపలేదు.

"ముక్కలు సేత్తారని నాకు తెల్దా? సేసుకోనీ. ఆళ్ళ పని ఆళ్ళది. సిరిగిన వల అంపిత్తే నా సేతికి మాటొత్తాది."

తనిఖీ ఆయన పక్కకు వెళ్ళి మిగతా వలలన్నీ చూశాడు, ఫొటోలు తీశాడు, తాత వల దగ్గరికి మాత్రం అన్నిటికంటే ఆఖరున వచ్చాడు. అప్పటికి పొద్దు వాలుతోంది. తాత చివరి ముడి వేసి, దారం పళ్ళతో తెంపి, వలను రెండు చేతులా దులిపి, ఎక్కడా తెగిన కన్నం లేదని చూపించి, నా చేతుల్లో పెట్టాడు. నేను దాన్ని మోసుకెళ్ళి గుట్ట మీద పెట్టాను. ఆ వారమే పెట్టె విశాఖ వెళ్ళింది, ఓడెక్కింది, తిరిగి రాలేదు.

తాత వల ఇచ్చిన ఆ సాయంత్రం ఫారం నింపింది నేనే. 'సరుకులో కలిసిన ఇతర పదార్థాలు' అని ఒక గడి ఉంది. తాత ఆ మధ్యాహ్నమంతా అందులో కలిపినదాన్ని ఏమని రాయాలో కాసేపు ఆలోచించి, చివరికి 'లేవు' అని రాశాను. ఇప్పుడు విశాఖలో ఎగుమతి కాగితాలు చూసే ఆఫీసులో నాది కాస్త పెద్ద కుర్చీ, ప్రసంగాలు చేయమంటే రెండు ముక్కల్లో ముగిస్తాను, తివాచీల ఊసెత్తను. అయినా ఆ గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఒక్క క్షణం ఆగుతుంది. మేడమ్ ఎంత జాగ్రత్తగా సరిచూస్తారో అని మా ఆఫీసులో కుర్రవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. నేనూ కళ్ళద్దాలు సర్దుకుని, సరిచూస్తున్నట్టే కూర్చుంటాను.