అడిగి తినని మనిషితో ఓడ ప్రయాణం

ఓడ మీద విహారానికి పోదామని మా ఆయన అన్నప్పుడు నాకు సముద్రమంటే భయం వేయలేదు. తిండి గురించి వేసింది. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో మా ఆయనతో పనిచేసేవాళ్ళు కొందరు అంతకు ముందు ఏడాది పోయి వచ్చారు. ఏం చూశారని అడిగితే సముద్రం సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి తిండి సంగతి మాత్రం కాఫీలు చల్లారిపోయేదాకా చెప్పారు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒక అంతస్తులో పెడుతూనే ఉంటారట. అంతా టికెట్టులోనే కలిసి ఉంటుందట, ఎంత తిన్నా అడిగేవాడు లేడట. ఒకాయనైతే తిరిగొచ్చేసరికి ప్యాంటు గుండీ పట్టలేదని గొప్పగా చెప్పుకున్నాడు.

మా మామను కూడా తీసుకుపోవాలన్నది నా పట్టుదలే. మామ అంటే మా ఆయనకు నాయన. పులివెందుల పక్క పల్లెలో చీనీ, అంటే బత్తాయి తోట, అరటి తోట చూసుకుంటూ బతికిన మనిషి. తిరుపతికి, కడపకు, ఒకసారి బెంగళూరు ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ పోయి ఎరగడు. ఒకరోజు టీవీలో సముద్రం కనబడితే "దీన్ని ఒక తూరి చూడల్ల" అని నోరు జారాడు. నేను ఆ మాట పట్టుకున్నాను. కాకపోతే ఆయనకు షుగరు. పొద్దున, సాయంత్రం తిండికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. ఆ షుగరు ఒకచోట నిలిచిన పాపాన పోలేదు.

మా అత్తను కూడా రమ్మన్నాం. "నీళ్ళ మీద నాకేం పనిమా, నేను జమ్మలమడుక్కు పోయి మా అక్క కాడ ఉంటా" అంది. బయల్దేరేముందు నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "మీ మామను నీ చేతుల్లో పెడతాండా. తీపి కనపడితే ఆయప్ప నోరు కట్టుకోలేడు. కనిపెట్టుకోని ఉండు" అని చెప్పింది. అంతే, నేను పోలీసునైపోయాను. ప్రొద్దుటూరులో మామను చూసే డాక్టరు దగ్గరికి పోయి అన్నీ అడిగాను. తీపి వద్దన్నాడు. వేపుళ్ళు తగ్గించమన్నాడు. సూది వేసుకున్నాక సరిగ్గా తినాలి, తక్కువ తింటే ప్రమాదం అన్నాడు. మొదటి రెండు మాటలు నాకు బాగా వినబడ్డాయి. మూడో మాటకు మాత్రం లోపల నవ్వుకున్నాను, మా మామకు తినమని ఒకరు చెప్పాలా అని.

చెన్నై రేవులో ఓడెక్కాం. సామాన్లు గదిలో పడేసి భోజనాల హాలుకు పోతే అది నేను పాఠాలు చెప్పే స్కూలు ఆవరణంత ఉంది. ఒక పక్క రొట్టెలు, ఒక పక్క అన్నాలు, బిరియానీలు, చైనా నూడుల్సు, పండ్లు, చివర ఒక గోడ పొడుగునా తీపి పదార్థాలు. జనం ప్లేట్ల మీద గుట్టలు పోసుకుని నడుస్తున్నారు. నేను ముందే ఒక లెక్క పెట్టుకున్నాను. చేతిలో ప్లేటు లేకుండా ఒక చుట్టు తిరిగి అన్నీ చూసుకోవాలి, ఆ తర్వాతే చిన్న ప్లేటు తీసుకోవాలి, సగం ప్లేటు కూరగాయలతో నింపాలి. మా ఆయన ఆ లెక్కకు మొదటి కౌంటరు దగ్గరే నీళ్ళొదిలేశాడు. మామను మాత్రం కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండు పుల్కాలు, ఇంత పప్పు, బీన్స్ కూర, కాస్త పెరుగు పట్టుకొచ్చి ముందు పెట్టాను.

మారు మాట్లాడకుండా తిన్నాడు. "ఇంకేమన్నా తెమ్మంటావా మామా?" అంటే "వద్దులేమా, చాలు" అన్నాడు. నేను నమ్మలేకపోయాను. ఐస్‌క్రీము కౌంటరు ఆయన ఎదురుగానే ఉంది. కన్నెత్తి చూడలేదు. ఓడ ఇంకా రేవులోనే ఉంది కాబట్టి ఫోను పనిచేస్తోంది. వెంటనే అత్తకు చేశాను.

"అత్తా, మామ మారిపోయినాడు. రెండు పుల్కాలు తిని చాలంటాండాడు."

"ఆయప్పేనా?" అంది అత్త. "బాగా చూసినావా?"

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా నువ్వు చేయలేని పని నేను ఒక్క పూటలో చేశానని ఓర్వలేకపోతున్నావా అని మనసులో అనుకున్నాను.

రాత్రి భోజనమూ అలాగే జరిగింది. మర్నాడు పొద్దున మామ అందరికంటే ముందు లేచి, తోట చుట్టూ తిరిగినట్టు ఓడ పై అంతస్తు చుట్టూ తిరిగాడు. గాలి బాగుందని, ఇంత నీళ్ళు ఉండి ఒక్క ఎకరా తడవదు కదా అని బాధపడుతూ వచ్చాడు. సూది వేశాను. రెండు ఇడ్లీలు తిన్నాడు. ఇంకో రెండు తెస్తానన్నాను. "చాలులేమా." మంచిదే అనుకుని ఊరుకున్నాను. మా ఆయన మాత్రం పూరీలు, ఆమ్లెట్టు, ఏదో చాక్లెట్టు రొట్టె వరుసగా లాగిస్తుంటే, మీ నాయనను చూసి నేర్చుకో అని దెప్పాను కూడా.

తర్వాత ముగ్గురం పైన కుర్చీల్లో కూర్చున్నాం. కాసేపటికి మా ఆయన ఏదో జోకు వేస్తే మామ "గమ్మునుండురా నువ్వు!" అని కసిరాడు. కొడుకును కసిరే మనిషి కాదు. తిరిగి చూస్తే అంత చల్లగాలిలో ఆయన చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. ఓడ పడలేదేమో, నిమ్మకాయ తెస్తానని మా ఆయన పరుగెత్తాడు. మామ నా వైపు చూశాడు, చూసి, "మే, మోటరు ఆపినావా?" అన్నాడు.

మా అత్తను ఆయన అలా పిలుస్తాడు. ఇంటి దగ్గర తోటలో బోరు మోటరు సంగతి అడుగుతున్నాడు. నడి సముద్రంలో. సంచిలోంచి షుగరు మిషను తీసి వేలు గుచ్చి చూస్తే ఎప్పుడూ చూడనంత తక్కువ చూపించింది. నాకు తెలిసింది ఎక్కువ షుగరే. పడిపోయిన షుగరును చూడటం అదే మొదలు.

ఏ తీపికైతే నిన్నటి నుంచి కాపలా కాశానో ఆ తీపి కోసం పరుగెత్తాను. వరుసలో నిలబడ్డవాళ్ళను తోసుకుని ఒకావిడ చేతికి అందబోతున్న నారింజ రసం గ్లాసు లాక్కున్నాను. ఆవిడ ఏదో భాషలో తిట్టింది. తిట్టుకోనీ. గ్లాసు మామ నోటికి పట్టాను. గుటకలు వేశాడు. ఇంకో గ్లాసు తాగించాను. ఈలోపు నిమ్మకాయకని పోయిన మా ఆయన ఓడ డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. కాసేపటికి మామ కళ్ళు తేటపడి, "ఏందిమా ఇంతమంది చేరినారు?" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడి ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది.

ఓడ డాక్టరు ఈయన ఏం తిన్నాడని అడిగాడు. చెప్పాను. సూది ఇంటి దగ్గర వేసుకునేంతే వేసుకుంటున్నాడు, తిండి మాత్రం సగానికి పడింది, పైగా ఈ నడకొకటి అన్నాడు. తిండికీ సూదికీ పొత్తు కుదరాలి, ఇక నుంచి కడుపు నింపండి, తీపితో కాదు, రొట్టెతో పప్పుతో అన్నాడు. మళ్ళీ ఇలా అయితే చప్పరించడానికి గ్లూకోజు బిళ్ళలు ఇచ్చాడు.

ఆయన అటు పోగానే నా ఏడుపు కోపంగా మారింది. "ఆకలైతే అడగొచ్చు గదా మామా!" అని అరిచాను.

మామ నా వైపు విచిత్రంగా చూశాడు. "అడిగి తింటారామా ఎవురన్నా?" అన్నాడు.

నేను ప్రొద్దుటూరులో గుమాస్తా ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో కావాలంటే అడగాలి, చాలంటే లేవాలి, అంతే. పెళ్ళయిన కొత్తలో మామ వాళ్ళ ఇంట్లో మొదటి భోజనం నాకు ఇంకా గుర్తే. సంగటి ముద్ద, నాటుకోడి పులుసు. చాలన్నాను, ఇంకో ముద్ద పడింది. వద్దన్నాను, పులుసు పోశారు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశారు. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళ ఇంట్లో మర్యాద గల మనిషి మొదటి ముద్దకే చాలంటాడు. వడ్డించేవాళ్ళు వినకూడదు. బలవంతం చేసి పెడితేనే తినాలి. నోరు తెరిచి అడిగేవాళ్ళు పిల్లలైనా కావాలి, ఎక్కడా తిండి దొరకనివాళ్ళైనా కావాలి. ఇదంతా నాకు తెలియనిదేమీ కాదు. తెలిసి కూడా, రెండు పుల్కాలతో చాలన్నాడని మురిసిపోయాను.

మామకు మాత్రం కోపం నా మీద కాదు, ఓడ మీద. "మీ అత్త అయితే వద్దన్నా ఏస్తాండె. ఈడ పిల్లోళ్ళు వద్దంటే పళ్ళెం ఎత్తుకోని పోతాండారు. ఇంత పెద్ద ఓడ కట్టినోళ్ళకు వడ్డించేది తెలీదా?" అన్నాడు. నవ్వొచ్చింది, నవ్వితే బాగుండదని ఆపుకున్నాను.

ఇక నేనే అత్తనైపోదామనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆయన చాలంటుంటే వినకుండా పుల్కా మీద పుల్కా, అన్నం మీద పప్పు వేసి తినిపించాను. వేసిందల్లా తిన్నాడు. సాయంత్రం మిషను పెట్టి చూస్తే షుగరు ఆకాశానికి ఎక్కి కూర్చుంది. పొద్దున పాతాళం, సాయంత్రం ఆకాశం. అప్పుడు అర్థమైంది, మా అత్త కూడా ఆయన్ను ఎప్పుడూ ఇలాగే పైకీ కిందికీ ఊపుతూ ఉందని. ఆమె ఆయన ముఖం చూసి ఎక్కడో ఒకచోట గరిటె ఆపుతుంది. నాకు ఆ విద్య కూడా లేదు.

అందుకని మర్నాడు పొద్దున ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మామా, నీ మొకం చూసి నీ కడుపు చదివేది నాకు చేతగాదు. నువ్వు ఎంత తినల్లో నువ్వే చెప్పల్ల. సూది ఏసుకోని తక్కువ తింటే నీ ప్రాణానికి ముప్పు. కావల్లంటే అడుగు, తెస్తా. వద్దంటే తీసేస్తా. బలవంతం మాత్రం చెయ్యను."

మామ లేచి పై అంతస్తుకు పోయాడు. ఆ పగలంతా మాతో ముభావంగానే ఉన్నాడు. తినేటప్పుడు నేనే కొలిచి పెట్టాను, అదీ మాట్లాడకుండానే తిన్నాడు. "మా నాయన అడగడు. నువ్వు ఎంత మొత్తుకున్నా అడగడు" అన్నాడు మా ఆయన. "మా అమ్మను కూడా ఏనాడూ ఇది కావల్లని అడిగిన మనిషి కాదు." ఊరికి పోయేదాకా ఇలా కొలిచి పెడతాను సరే, ఆ తర్వాత? నేను ప్రొద్దుటూరులో, ఆయన పల్లెలో. ఎప్పుడో ఒకరోజు తోటలో ఒంటరిగా ఉండగా ఇలా చెమటలు పడితే నారింజ రసం ఎవరు పట్టాలి?

చివరి రోజు సాయంత్రం భోజనానికి, బల్ల దగ్గరికే తెచ్చి పెట్టే హాలుకు పోయాం. సూది వేశాం. వడ్డించే అబ్బాయికి తెలుగు రాదు. మనిషికి రెండు రొట్టెలు, పప్పు, కూర పెట్టి పోయాడు. మామ తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. నాకు చెయ్యి లేస్తోంది, ఇంకో రొట్టె తెమ్మని చెప్పడానికి. బల్ల కింద మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మామ ఖాళీ పళ్ళెం వైపు చూస్తున్నాడు. అబ్బాయి వచ్చి పళ్ళెం తీయబోయాడు. సంచిలో గ్లూకోజు బిళ్ళలు ఉన్నాయా లేవా అని వేళ్ళతో తడుముకున్నాను.

మామ పళ్ళెం అంచు గట్టిగా పట్టుకున్నాడు. మమ్మల్ని చూడలేదు. ఆ అబ్బాయి ముఖంలోకి చూస్తూ, "అప్పా, ఇంగో రొట్టె తెచ్చియ్యి. ఇంత పప్పు గూడా" అన్నాడు.

అబ్బాయికి మాట అర్థం కాలేదు గానీ పళ్ళెం అర్థమైంది. తలూపి లోపలికి పోయాడు. మా ఆయన ఎవరో ఫోను చేస్తున్నారని చెప్పి లేచి బయటికి పోయాడు. నడి సముద్రంలో ఫోను ఎక్కడిది?

వేడి రొట్టె, చిన్న గిన్నెలో పప్పు వచ్చాయి. మామ రొట్టె తుంచి పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా, ఆశ్చర్యంగా, "అడిగితే ఇస్తాండారే" అన్నాడు.