చెంబు చెప్పిన సర్పంచ్

మొన్న ఆదివారం జగ్గయ్యపేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు కార్లు నిలుపుకునే చోట్లకు చీటీలు తీశారు. మడతపెట్టిన కాగితాలను ఎవరి పిల్లవాడిదో స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి, సంఘం కార్యదర్శి గారు గలగలా ఊపారు. కాగితాలు గలగలలాడవని మీరంటారు. నిజమే, డబ్బా అడుగున పొద్దుటి వేరుశెనగ గింజ ఒకటి ఉండిపోయింది. ఆ చప్పుడు చెవిన పడగానే నా ప్రాణం అక్కడినుంచి లేచి, హైవే మీద లారీలన్నిటినీ దాటుకుంటూ నందిగామ కోర్టు వరండాలో వాలింది. నాకు దక్కిన చోటు నీళ్ళ ట్యాంకు కింద, కారే గొట్టం పక్కన అని పక్కింటాయన చెప్పాక తెలిసింది. నేను బాధపడుతున్నాననుకుని అందరూ ఓదార్చారు. నేను బాధపడలేదు. సుగుణమ్మ గారు గుర్తొచ్చారు, అంతే.

ఆవిడను ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను. నేను నల్లకోటు తొడుక్కున్న కొత్తలో సుగుణమ్మ గారి దగ్గర జూనియర్‌గా చేరాను. కొన్నేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, ఆ తర్వాత లా చదివిన మనిషి. ఎత్తు నా భుజం దాకా. ఆవిడ బల్ల మీద ఫైళ్ళు ఎంత ఎత్తు పేరుకునేవంటే, అవతల కూర్చున్న కక్షిదారుకు లాయరమ్మ కనపడక ఫైళ్ళకే నమస్కారం పెట్టేవాడు. గొంతు చాలా మెత్తన. ఆవిడ వాదన మొదలుపెడితే వినపడక జడ్జిగారు ఫ్యాన్లు ఆపించేవారు. ఎండాకాలంలో నందిగామ కోర్టులో ఫ్యాను ఆపితే ఏమవుతుందో మీకు తెలియదు. అవతలి ప్లీడరు ఆవిడ మూడో ప్రశ్నకే కరిగి కాలర్లోంచి కారిపోయేవాడు. ఆవిడ గెలిచిన కేసుల్లో సగం ఆ ఉక్కబోతే గెలిపించిందని నా నమ్మకం.

ఆవిడకు నాలో నచ్చనిది ఒక్కటే, నా నోరు. ఓసారి పొలం గట్టు తగాదా చూసి రమ్మని పంపితే, వెళ్ళొచ్చి రొప్పుతూ నిలబడ్డాను.

“ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని గట్టు మీదే ఉంది మేడం. వెయ్యి మంది!”

ఆవిడ కాగితం మీంచి తల ఎత్తలేదు. “సగం చెయ్యి.”

“ఐదొందలు ఉంటారు.”

“ఇంకో సగం చెయ్యి, ప్రసాదూ.”

అలా చేస్తూ చేస్తూ పోతే చివరికి గట్టు మీద ఒక ముసలాయన, ఆయన మేక మిగిలారు. “మరి కర్ర?” అని అడిగింది ఆవిడ. “ఉంది మేడం, మేకను తోలుకోవడానికి” అన్నాను. ఆవిడ నవ్వలేదు. మేక ఎవరి చేలో మేస్తోందో అడిగింది. ఆ కేసు ఆ మేక మూలంగానే రాజీ అయింది. అందుకే ఈ రాస్తున్నది కూడా మీరు ఎక్కడైనా సగం చేసుకుని చదివితే నాకు అభ్యంతరం లేదు. ఒక్క దానమ్మ సంగతి మాత్రం పూర్తిగా నమ్మండి.

దానమ్మ కూలికి వెళ్ళే మనిషి. వేదాద్రి వెళ్ళే దారిలో కృష్ణ ఒడ్డునున్న ఒక ఊరు ఆమెది. ఊరి పేరు చెప్పను, అక్కడ నాకింకా రెండు కేసులు నడుస్తున్నాయి. ఆ ఏడు ఆ ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు కేటాయించారు. ఒకవైపు పెద్ద భూస్వామి గారి భార్య కోటేశ్వరమ్మ గారు, మరోవైపు దానమ్మ. ఓట్లు లెక్కపెడితే ఇద్దరికీ సమానం. మళ్ళీ లెక్కపెట్టినా సమానమే. అలాంటప్పుడు చీటీ తీయమంటుంది చట్టం. తీశారు. కోటేశ్వరమ్మ గారు సర్పంచ్ అయ్యారు.

ఇది జరిగిన వారానికి దానమ్మ నందిగామలో బంధువుల పెళ్ళికి వచ్చింది. చర్చిలో పెళ్ళి ఆరాధన అయ్యాక ఆడవాళ్ళతో కలిసి పక్కనే ఉన్న సుగుణమ్మ గారింటికి మంచినీళ్ళకు వచ్చింది. నేను వరండాలో ఫైళ్ళు కుడుతున్నాను. ఎన్నిక సంగతి ఎవరూ ఎత్తలేదు. సుగుణమ్మ గారే మాటవరసకు పలకరించింది.

“ఓడిపోయావంటగా దానమ్మా?”

“ఓడిపోయానమ్మా. ఓట్లలో కాదు, చీటీలో. మొదట నా చీటీయే వచ్చేసింది.”

సుగుణమ్మ గారి చేతిలో గ్లాసు ఆగింది. “నీ చీటీ వస్తే నువ్వు ఓడిపోవడమేంటి? ఎవరు చెప్పారు ఓడిపోయావని?”

“చెంబు చెప్పింది కదమ్మా!” అంది దానమ్మ, ఇంత చదివిన మనిషికి ఇదీ తెలియదా అన్నట్టు.

ఆ చెంబు కథ ఇదీ. ఆ ఊళ్ళో చేలకు ఏటినుంచి మోటార్లతో నీళ్ళెక్కించి కాలవలో వదులుతారు. ఎవరి చేను మొదట తడవాలన్నది ప్రతి పంటకూ పెద్ద యుద్ధం. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. పేర్లన్నీ చీటీల మీద రాసి ఇత్తడి చెంబులో వేస్తారు. ఒక్కొక్కటే బయటికి తీస్తారు. బయటికొచ్చిన పేరు వంతులో వెనక్కి పోయినట్టే. చివరికి చెంబు ఎవరి పేరు వదలకుండా పట్టుకుంటుందో వాడిదే తొలి నీరు. లోకమంతా చేతికొచ్చిన చీటీకి పట్టం కడితే, ఆ ఊరు చెంబులో మిగిలిన చీటీకి కడుతుంది. చట్టానిదీ లోకం దారే. తీసిన చీటీ ఎవరిదైతే వాళ్ళకు ఒక ఓటు కలిపి గెలిచినట్టు ప్రకటించాలి.

ఎన్నికల అధికారి ఆ ఊరికి కొత్త. చీటీలు వేయడానికి డబ్బా కావాలంటే, నీటి వంతుల పెద్ద పుల్లయ్య గారు గర్వంగా తన చెంబు తెచ్చిచ్చారు. అధికారి చెయ్యి పెట్టి తీశాడు. దానమ్మ పేరు. ఆయన నోరు తెరిచేలోపు ఊరంతా కోటేశ్వరమ్మ గారికి జై కొట్టింది. ఆ కేక ఎంత పెద్దదంటే ఏటికి అవతల ఉన్న పడవలు కూడా ఇవతలికి తిరిగాయి. ఈ గోల మధ్య దానమ్మ తన మెడలో తనవాళ్ళు ముందే వేసిన బంతిపూల దండ తీసి కోటేశ్వరమ్మ గారి మెడలో వేసింది. చీటీ వచ్చిన మనిషే దండ వేశాక ఆ అధికారి తనకే ఏదో అర్థం కాలేదనుకున్నాడు. చీటీ కోటేశ్వరమ్మ పేరు మీద వచ్చిందని రాసి, సంతకం పెట్టి, జీపెక్కేశాడు. చీటీలేవి అంటారా? సీమటపాకాయలు అంటించడానికి వాటినే వెలిగించారు.

అంతా విని సుగుణమ్మ గారు దానమ్మను ఒక్క ప్రశ్న అడిగింది. “నీకు ఆ పదవి ఎందుకు కావాలనుకున్నావు?”

దానమ్మ కొంగు సరిచేసుకుంది. “మా పేటకీ, సమాధుల దొడ్డికీ మధ్య వాగుందమ్మా. మా ఆయన్ని మోసుకెళ్ళిన రోజు మొలలోతు నీళ్ళు. మోసినోళ్ళు పెట్టెని నెత్తిన పెట్టుకున్నారు. ఆయన బతికుండగా ఎవరూ ఆయన్ని అంత ఎత్తున పెట్టలా.” నవ్వబోయి ఆగింది. “దాని మీద చిన్న వంతెన కట్టిద్దామని.”

కేసు వేశాం. నడిచింది అనకూడదు, పాకింది. వాయిదాలకు తిరిగి తిరిగి దానమ్మకు నందిగామ బస్టాండులో టీ కొట్టాయన వరసకు తమ్ముడయ్యాడు. ఈలోగా ఊళ్ళో కోటేశ్వరమ్మ గారు సంతకాలు పెడుతుంటే వాళ్ళాయన సర్పంచ్‌గిరీ చేస్తున్నాడు. వాళ్ళ తరఫున విజయవాడ నుంచి ఒక పెద్ద ప్లీడరు వచ్చేవాడు. ఆయన నల్ల కళ్ళద్దాలు తుడుచుకోవడానికే ఒక గుమాస్తా ఉండేవాడని నేను ప్రచారం చేశాను. ఆయన వాదన సూటిగా ఉంది. అధికారి కాగితంలో కోటేశ్వరమ్మ పేరుంది, చీటీలు లేవు, పైగా దానమ్మే దండ వేసింది.

ఆ దండ దగ్గర నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. “మేడం, భయపెట్టి వేయించారని చెప్పిద్దాం. చుట్టూ రెండొందల మంది కత్తులు పట్టుకుని…”

“సగం చెయ్యి అని కూడా అనను” అంది సుగుణమ్మ గారు. “మొత్తం తీసెయ్యి. దానమ్మా, దండ వేశావా?”

“వేశానమ్మా.”

“వేశానని చెప్పు.”

బోనెక్కిన దానమ్మను విజయవాడ ప్లీడరు అదే అడిగాడు. “మీ ఇష్టంతోనే వేశారా? నవ్వుతూ వేశారా?”

“నవ్వుతూనే వేశానండి” అంది దానమ్మ. “ఏడుస్తూ వేస్తే ఆవిడకి బాగోదు కదండీ.”

హాలంతా నవ్వింది, జడ్జిగారితో సహా. నేను మాత్రం తల పట్టుకున్నాను. కేసు పోయిందనే అనుకున్నాను. ఆ సాయంత్రం సుగుణమ్మ గారు ఎప్పటిలాగే నడుచుకుంటూ ఇంటికెళ్ళి జామచెట్టుకు నీళ్ళు పోసింది.

తర్వాతి వాయిదాకు పుల్లయ్య గారు అవతలివాళ్ళ సాక్షిగా వచ్చారు. ఇస్త్రీ పంచె, కొత్త కండువా. కోటేశ్వరమ్మ గారే గెలిచారని గట్టిగా చెప్పి మీసం సవరించుకున్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయన లెక్కలో అది నిజమే. సుగుణమ్మ గారు లేచింది. ఫ్యాన్లు ఆగాయి. ఆవిడ ఆయన్ని చీల్చి చెండాడుతుందని నేను కుర్చీలోంచి సగం లేచాను.

“పుల్లయ్య గారూ, నేను టౌను మనిషినండి. మాకు కుళాయి నీళ్ళు” అంది ఆవిడ. “మీ ఊళ్ళో నీటి వంతుకి చీటీలు ఎట్టా తీస్తారో నాకు తెలియదు. కాస్త చెప్తారా?”

విజయవాడ ప్లీడరు లేచి, కాలవ నీళ్ళకూ ఎన్నికలకూ సంబంధం లేదన్నాడు. జడ్జిగారు చెమట తుడుచుకుంటూ చెప్పనివ్వమన్నారు. ఆ మనిషికి నీళ్ళ మాట వినడమే హాయిగా ఉన్నట్టుంది.

పుల్లయ్య గారు చెప్పారు. రెండు చేతులూ దొప్పగా పట్టి లేని చెంబును చూపించారు. దాన్ని ఏటి ఇసకతో ఎట్టా తోముతారో చెప్పారు. కళ్ళు మూసుకుని ఎట్టా తీస్తారో నటించారు. ఆయన తాతగారు ఆ చెంబుతో ఆపిన కొట్లాటలు ఏకరువు పెట్టారు. అంత ఆనందంగా సాక్ష్యం చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

“అబ్బ, ఎంత బావుందండీ పద్ధతి” అంది సుగుణమ్మ గారు. “మరి సర్పంచ్ ఎన్నిక రోజు కూడా ఇట్టాగే తీశారా?”

“ఇట్టా కాక ఇంకెట్టా తీస్తామండీ! చెంబు నాదే!”

“బయటికొచ్చిన చీటీ ఎవరిదండీ?”

“దానమ్మదండి. పాపం, అందుకేగా పోయింది!” ఆయన దానమ్మ వైపు జాలిగా చూశారు. “కోటేశ్వరమ్మ గారిది చెంబులోనే నిలిచిందండి. బోర్లించి అందరికీ చూపించింది నేనే.”

సుగుణమ్మ గారు దండం పెట్టి కూర్చుంది. విజయవాడ ప్లీడరు కళ్ళద్దాలు తీసేశాడు. పుల్లయ్య గారు బోను దిగుతూ, ఎలా చెప్పానంటూ ఆయన వైపే చూసి నవ్వారు.

తీర్పు దానమ్మకే వచ్చింది. పదవీకాలం ఇంకా సగానికి కాస్త తక్కువ మిగిలి ఉంది. భూస్వామి గారు హైకోర్టుకు వెళ్తానని ఎగిరారు. కోటేశ్వరమ్మ గారే ఆపారని తర్వాత విన్నాం. “చాలు, ఆగండి. మీ సర్పంచ్‌గిరీకి సంతకాలు పెట్టీ పెట్టీ నా వేలు బొబ్బలెక్కింది” అన్నారట.

దానమ్మ మొదటి సమావేశానికి మమ్మల్ని రమ్మంది. పంచాయతీ ఆఫీసు కిక్కిరిసి ఉంది. మా ఇద్దరికీ ముందు కుర్చీలు వేస్తే సుగుణమ్మ గారు వద్దని, తలుపు దగ్గర ఆడవాళ్ళతో నిలబడింది. దానమ్మ సర్పంచ్ కుర్చీ అంచున, బస్సులో ఎవరి సీటులోనో కాసేపు కూర్చున్నట్టు కూర్చుంది. మాటమాటకూ లేచి నిలబడుతోంది. పుల్లయ్య గారు వచ్చినా లేచింది, గుమాస్తా దగ్గినా లేచింది. తలుపు దగ్గరనుంచి సుగుణమ్మ గారు అరచేత్తో గాలిని కిందికి నొక్కి చూపించింది. దానమ్మ చూసింది. వెనక్కి జరిగింది. వీపు కుర్చీకి ఆనింది. వాగు మీద వంతెనకు తీర్మానం చదివించింది. ఎవరూ కాదనలేదు.

బయట దానమ్మ పేటవాళ్ళు పందిరేసి వండుతున్నారు. మసాలా వాసన కృష్ణ దాటి అవతలి జిల్లాలో వాళ్ళ చేత కూడా గుటకలు వేయిస్తోంది. సుగుణమ్మ గారు చెప్పులేసుకుని “పద” అంది.

“మేడం, మాంసం ఉడుకుతోంది” అన్నాను. నా గొంతులో అంత ఆర్తి ఏ కోర్టులోనూ పలకలేదు.

“మనం ఉంటే దానమ్మ లేచి వడ్డిస్తుంది” అంది ఆవిడ. “ఇప్పుడేగా కూర్చుంది.”

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. నేనిప్పుడు సీనియర్‌ని. నా దగ్గరా జూనియర్లున్నారు. కేసు గెలిచిన రోజున కక్షిదారు ఇంట్లో ఆకు వేసేలోపే నేను లేచి వచ్చేస్తాను. నాకు షుగర్ వచ్చిందని జగ్గయ్యపేటంతా అనుకుంటోంది. అనుకోనీ. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి చూసుకుంటాను, ఆ గెలిచిన మనిషి కూర్చునే ఉందో లేదో అని.