జబ్బ దాటని గుండ్లు

2004 ఫిబ్రవరిలో నేను సూర్యాపేట నుంచి వాడపల్లికి బయలుదేరింది ఒక్క మాట చెప్పడానికి.

వాడపల్లిలో మా చిన్నమ్మ వాళ్ళ మొక్కజొన్న చేనును అడవిపందులు సగం తొక్కేశాయి. పందులను కొట్టడానికి అడవిశాఖ అనుమతి కాగితం వచ్చింది. తుపాకీ లైసెన్సు ఉన్న రామయ్య గారు వస్తానన్నారు. ఆయన కోదాడలో రిటైరైన డ్రిల్లు మాస్టారు. మా తాత అడవిశాఖలో గార్డుగా చేసినవాడు. ఏ జంతువుకు ఏ తూటా ఎక్కడ తగిలింది, తగిలాక ఎన్ని అడుగులు పోయింది, కోసి చూస్తే లోపలికి ఎంత దిగింది, అన్నీ తాత చెబుతుంటే చిన్నప్పటి నుంచి నేనే నోటుపుస్తకంలో రాసేదాన్ని.

తాతకు మోకాళ్ళు పట్టేశాయి. ఫోన్‌లో మాట వినపడదు. అందుకని నన్ను పంపాడు.

"రామయ్యకు చెప్పు బిడ్డా, చిన్న గుండ్ల కార్తూసు వద్దని. మగపందికి జబ్బ మీద తోలు కింద బిరుసు పొర ఉంటది. గవి ఆడనే ఆగిపోతయ్. ఒంటి గుండే ఎయ్యాలె. దెబ్బ తిన్న పంది తుమ్మలల్ల సొచ్చిందంటే మనిషిని సంపుతది."

"చీటీ రాసిస్తా తాతా."

"నోరు లేదా నీకు? ఇరవై రెండేండ్లొచ్చినయ్."

ఉదయం ఎనిమిదింబావుకు సూర్యాపేటలో ఎక్కి తొమ్మిదిన్నరకు కోదాడలో దిగాను. రామయ్య గారు బస్టాండులో టీ తాగుతూ ఉన్నారు. పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా, భుజానికి గుడ్డ తొడుగులో తుపాకీ. అనుమతి కాగితం ఇచ్చాను. "తాతగారు కులాసానా? ఏమన్నా చెప్పమన్నారా?" అని అడిగారు. చుట్టూ జనం. "బాగున్నారు" అని మాత్రం అన్నాను.

పది గంటల మిర్యాలగూడ బస్సులో ఎదురు సీటులో ఒక పెద్దమ్మ, ఒళ్ళో కోడిపుంజు. తొడుగు వంక చూసి, "అండ్ల ఏముంది సారూ, తబలానా?" అంది.

"తుపాకీ అమ్మా."

"ఓయమ్మో! పిల్లకు పెండ్లి సూపులకు పోతున్నరా ఏంది? పిలగాడు పారిపోకుండనా?"

బస్సంతా నవ్వింది. రామయ్య గారు కూడా నవ్వారు. నేను నేరేడుచర్ల దాకా తల కిటికీ వైపే పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ మిల్లుల ముందు వడ్ల బస్తాల బండ్లు అడ్డం పడి బస్సు అరగంట ఆగింది. ఆ అరగంటలో చెప్పొచ్చు. పెద్దమ్మ దిగాక చెబుదామనుకున్నాను. ఆమె మిర్యాలగూడ దాకా దిగనే లేదు.

ఒంటి గంటకు మిర్యాలగూడలో భోజనం చేసి, ఆటో పట్టుకుని మూడు దాటాక వాడపల్లి చేరాం. దారంతా సిమెంటు లారీల దుమ్ము. చిన్నాయన ఎదురొచ్చి మాస్టారిని తీసుకెళ్ళి చేను చూపించాడు. ఆ చేనును ఆనుకునే మూసీ ఒడ్డు, ఒడ్డు పొడవునా సర్కారు తుమ్మలు. మనిషి వంగితే తప్ప దూరలేడు.

సాయంత్రం మాస్టారు తుపాకీలో పెట్టే కార్తూసులు మంచం మీద పరిచారు. అన్నీ చిన్న గుండ్లవే, ఒక్కోదాంట్లో బోలెడు గుండ్లు. "ఇవి చెదిరి పడతాయమ్మా. గురి కాస్త తప్పినా ఎక్కడో అక్కడ తగులుతాయి" అని నాకు పాఠంలా చెప్పారు. అప్పుడు నోరు తెరిచాను. అంత పెద్దాయనకు, మాస్టారికి, తుపాకీ ముట్టని నేను చెప్పడమా అనిపించింది. "మంచినీళ్ళు కావాలా సార్?" అన్నాను.

తెల్లారి ఆరు కావస్తుండగా గట్టు మీదికి ఒక మగపంది వచ్చింది. నలభై అడుగుల దూరం. అడ్డంగా నిలబడింది. మాస్టారి గురి తప్పలేదు, జబ్బకే తగిలింది. పంది ముందు మోకాళ్ళ మీద పడింది. వెంటనే లేచి, చప్పుడు లేకుండా తుమ్మల్లోకి పోయింది.

గంట ఆగి వెతకడం మొదలుపెట్టారు. నెత్తురు జాడ లేదు. చిన్న గుండ్ల బెజ్జాలను లోపలి కొవ్వే మూసేస్తుందని నోటుపుస్తకంలో నా చేత్తోనే రాశాను. జాడ లేకపోయేసరికి చిన్నాయన వంగి పొద పొదా చూడాల్సి వచ్చింది. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. తొమ్మిది గంటల వేళ ఒక్క కేక వినపడింది. పంది చిన్నాయన తొడను మోకాలు దాకా చీరేసింది. మాస్టారు సంచిలోంచి వేరే కార్తూసు తీసి దగ్గర నుంచి కాల్చారు. పంది ఉన్నచోటే కూలిపోయింది. అది ఒంటి గుండు. సంచిలో మొదటి నుంచీ ఉంది.

చిన్నాయనను ట్రాక్టరు మీద మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. పందిని పూడ్చే ముందు అడవిశాఖ గార్డు, మాస్టారు కలిసి జబ్బ కోసి చూశారు. వేలి మందం పొరలో పదకొండు గుండ్లు, రాళ్ళు పొదిగినట్టు. ఒక్కటీ ఊపిరితిత్తుల దాకా పోలేదు. మూడు గంటలు అది అలాగే తుమ్మల్లో పడి ఉంది.

మరునాడు పొద్దున దవాఖానకు వెళ్ళాం. కుట్లు పడ్డాయి, ప్రాణానికి భయం లేదన్నారు. కాలు మునుపటిలా వంగదని కూడా అన్నారు. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "దూరం నుంచి వచ్చి పరేషాన్ అయితివి బిడ్డా" అంది. ఆ మాట నాకు తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

పదకొండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. హుజూర్‌నగర్ దాటాం. మాస్టారు తనలో తాను అన్నట్టు, "నాకు పిట్టలు కొట్టడమే అలవాటు. పంది సంగతి తెలీదు. మీ తాతగారు వచ్చుంటే చెప్పేవారు. చెబితే వినేవాణ్ణి కదమ్మా, నాకేం పంతం?" అన్నారు.

నా పక్కనే ఉన్నారు. బస్సులో జనం కూడా లేరు. అయినా చెప్పలేదు.

కోదాడలో దిగి, నన్ను సూర్యాపేట బస్సు ఎక్కించి, కిటికీ దగ్గరకు వచ్చారు. "తాతగారికి చెప్పు, తప్పు నాదేనని" అన్నారు. నేను తలూపాను. బస్సు కదిలింది.

మిర్యాలగూడ దారి మంచిదే, బస్సులు దొరుకుతాయి, మనుషులు ఆదరిస్తారు. నన్ను కూడా ఆ ప్రయాణంలో అందరూ మంచిపిల్ల అన్నారు, నెమ్మదస్తురాలన్నారు. ఒక జంతువు మూడు గంటల బాధ, చిన్నాయన కాలు, ఒక పెద్దమనిషి తన మీద వేసుకున్న నింద, ఇవన్నీ ఆ నెమ్మది వల్ల జరిగినవే.