పోగు తెగిన సంగతి సాంచాకు తెలుసా

నా చిన్నప్పుడు మేం బతుకుదెరువుకు వలసపోయిన కడోదరాలో సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డు వెనక ఒక గదిలో ఉండేవాళ్లం. మా బాపు, పక్క గదిలోని పెద్దబాపు ఆ షెడ్డులోనే సాంచాలు నడిపేవాళ్లు. పెద్దబాపు మాకు చుట్టం కాదు. మా ఊరి వైపు మనిషని అలా పిలిచేవాణ్ణి. మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె పట్టుకెళ్లినప్పుడల్లా కాసేపు అక్కడే నిలబడి బట్ట నేసే తీరు చూసేవాణ్ణి.

అడ్డంగా పోయే పోగు తెగగానే సాంచా దానంతటదే ఆగిపోయేది. ఎవరూ చెప్పకుండా దానికెలా తెలుస్తుందో నాకు అంతుబట్టేది కాదు. ఒకరోజు బాపును అడిగాను. "మిషిన్‌కు తెలుసుడేంది? పో, అడ్డం నిలబడకు" అన్నాడు.

ఆ మాట పెద్దబాపు చెవిన పడింది. నన్ను పిలిచి, పోగు తగిలినప్పుడల్లా కదిలే చిన్న ఇనుప ముల్లును చూపించాడు. పోగు లేకపోతే ముల్లు కదలదు, సాంచా ఆగుతుంది. తర్వాత ఆయనే పోగు తెంపి, ఆ ముల్లును పోగు కదిపినట్టే వేలితో ఒడుపుగా ఎత్తిపట్టాడు. సాంచా ఆగలేదు. పోగు లేకుండానే దడదడా కొట్టుకుంటూ పోయింది. బట్టలో అరచేయంత మేర నేత లేకుండా ఖాళీ పడింది.

"ఇప్పుడు చెప్పురా, దీనికి తెలిసిందా?" అని నా చెవిలో అరిచాడు. తెల్వలేదన్నాను.

"మరి నీకు తెలుసని నేనెట్ల నమ్మాలె?"

అదెట్లనో తెల్వదన్నాను. "నాకూ తెల్వదు బిడ్డా. ఇద్దరం ఆలోచిద్దాం" అని నవ్వాడు.

సాయంత్రం షెడ్డు యజమాని సేఠ్ ఆ బట్ట చూసి ఆయన్ని అందరి ముందూ తిట్టాడు. కునుకు పట్టిందన్నాడే తప్ప పెద్దబాపు నా పేరెత్తలేదు.

పెద్దయ్యాక నేను ఆయనలా కాలేదు. నా కొడుకు ఏదడిగినా కసురుకునేవాణ్ణి. వాడు తొందరగానే అడగడం మానేశాడు. మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోవడానికి కారణం నేనే.

కరోనాకు షెడ్లన్నీ మూతపడిన రోజుల్లో ఏడేళ్ల మనవరాలు ఫోన్‌లోనే బడి చదివేది. పాఠం అయ్యాక దానితో ముచ్చట్లు పెట్టేది. అడిగితే గొంతుతో జవాబిచ్చే ఫోన్ అది. ఒకరోజు తనంటే ఇష్టమా అని హిందీలో దాన్ని అడిగింది. చాలా ఇష్టమంది ఫోన్.

"తాతా, అది నిజమే చెప్తుందా?"

"ఫోన్‌కు ఇష్టమేంది? పో, చదువుకో" అన్నాను.

పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని గోడవైపు తిరిగింది. పిల్ల తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చున్న నా కొడుకు తలెత్తి నన్నొకసారి చూశాడు. నా నోట్లోంచి వచ్చింది బాపు మాటేనని అప్పుడు తెలిసింది. ఆ వెనకే పెద్దబాపు వేలు గుర్తొచ్చింది.

లేచి వెళ్లి పిల్ల పక్కన కూర్చున్నాను. ఫోన్ తీసుకుని నేనూ అదే అడిగాను. అదే గొంతు, అదే జవాబు.

పిల్ల పకపకా నవ్వింది. "నీక్కూడా గదే చెప్పింది! జూఠా ఫోన్, అన్నీ అబద్ధాలే!" అంతలోనే నవ్వు ఆపి నావైపు చూసింది. "మరి నువ్వు గూడ నాకూ తమ్మునికీ ఒక్కతీరే చెప్తవు గద తాతా, ఇష్టమని?"

ఫోన్ పక్కన పెట్టాను. "తెల్వదు బిడ్డా. ఇద్దరం ఆలోచిద్దాం" అన్నాను.

"జర గట్టిగ ఆలోచించుర్రి. నేను గూడ వింట" అన్నాడు నా కొడుకు గడప దగ్గర్నుంచి.

ఇప్పటికీ ఏ పిల్ల ఏదడిగినా నా నాలుక చివరికి ముందు బాపు మాటే వస్తుంది. బట్టలో పెద్దబాపు నా కోసం వదిలిన ఆ అరచేయంత ఖాళీని తలచుకుని ఆ మాటను మింగేస్తాను.