మణి లేచి రాలేదు

2023లో, వానలు వెనకబట్టిన రోజుల్లో, నెల్లితోపులో ఒక మేడ మీది ఇంటికి నన్ను పిలిచారు. నేను కుక్కలకి ట్రైనింగ్ ఇస్తాను. మురుంగపాక్కంలో మా వీధివాళ్లు నన్ను "కుక్కల టీచరమ్మ" అని ఎగతాళి చేస్తారు. వాళ్లకి తెలియనిదేమిటంటే, ఈ పనిలో ముప్పాతిక వంతు మనుషులకి చెప్పడమే. కుక్కలు తొందరగానే వింటాయి.

పిలిచినాయన ఆర్. గోవిందరాజులు. ఏదో సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. ఇద్దరమూ తాతల కాలం నుంచి ఈ తమిళ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లమని తెలిశాక నేను ఆయన్ని మామా అన్నాను, ఆయన నన్ను పాపా అన్నాడు. నాకు నలభై దాటాయి. పాపా అంటే ఎందుకు కాదంటాను?

ఆయన దగ్గర మణి అని వయసైన నాటు కుక్క ఉంది. వీధిలో దెబ్బలు తిని, కుక్కల షెల్టర్‌లో చేరి, అక్కణ్ణించి ఈ ఇంటికి వచ్చింది. మామ గుమ్మం దాటితే చాలు, ఊళ వేసి, తలుపు గీకి గీకి గోళ్లలోంచి రక్తం తెచ్చుకునేది. దానికి తోడుగా ఉంటుందని మామ అదే షెల్టర్‌లో ఇంకో కుక్కని చూసిపెట్టుకున్నాడు. మొదటిది కుదురుకుందని ట్రైనర్ చెబితేనే రెండోదాన్ని ఇస్తామన్నారు వాళ్లు. న్యాయమైన మాటే. భయపడే కుక్క పక్కన ఇంకోదాన్ని తెచ్చిపెడితే దీనికి ధైర్యం రాదు, రెండూ కలిసి ఊళ వేస్తాయి.

మేం చేసేదాన్ని సెపరేషన్ ట్రైనింగ్ అంటారు. యజమాని వెళ్లినా తిరిగి వస్తాడని కుక్కకి నమ్మకం కలిగించడం. ముందు ఒక చాప వేసి, "ప్లేస్" అనగానే దాని మీద పడుకోవడం నేర్పుతాం. తర్వాత యజమాని గుమ్మం దాటి వెంటనే వచ్చెయ్యాలి. అది బెదరకపోతే మరుసటిసారి ఇంకొంచెం సేపు, ఇంకొంచెం దూరం. వయసు మీద పడింది గదా అని నేను సందేహపడ్డాను గానీ మణి చక్కగా నేర్చుకుంది. లోపల ఒక కెమెరా పెట్టి, మెట్ల మీద కూర్చుని నా ఫోన్‌లో చూసేదాన్ని.

చిక్కంతా మామతోనే వచ్చింది. ఎంత చెప్పినా వీధి మొదట్లోనే నిలబడేవాడు.

"ఇంకా దూరం పో మామా. పొద్దున పోతే మధ్యాహ్నం దాకా రావద్దు."

"యాడికి పొయ్యేది?"

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. "చుట్టాలింటికి పో. ఫ్రెండ్స్ దగ్గరికి పో. ఏందో ఒక పని పెట్టుకో."

"సరే పాపా" అన్నాడు.

కొన్నాళ్లకి నేను రోజూ వెళ్లే అవసరం తీరింది, ఎక్కడున్నా ఫోన్‌లోనే చూసుకునేదాన్ని. అలాంటి ఒకరోజు ఊరవతల కాలాపేటలో ఇంకో ఇంటికి పోతుంటే మామ అక్కడి బస్‌స్టాపులో కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో చేతిసంచి. ఎవరినో చూడ్డానికి వచ్చాడనుకున్నాను. నా పని ముగించుకుని వెనక్కి వస్తే అదే బెంచీ మీద ఉన్నాడు. బండి ఆపాను.

"ఎవరింటికొచ్చినావు మామా?"

"ఎవరింటికీ లేదు. నువ్వు మధ్యాహ్నం దాకా రావద్దంటివి గదా."

"పొద్దున్నించి ఈడనే ఉండావా?"

"బస్సులో అయితే మనుషులుంటారని ఎక్కినా. ఎంతసేపని తిరిగేది? ఈడ నీడగా ఉంది, కూర్చున్నా. మణి ఏం చేస్తాంది?"

ఫోన్ చూపించాను. మణి చాప మీద నిద్రపోతోంది. ఆయన ఆ ఫోన్ పట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు. మా ఎదురుగా బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

ఆఖరి పరీక్షకి నేను కూడా వెళ్లాను. పొద్దున పోయిన మామ మధ్యాహ్నం వచ్చి తాళం తీశాడు. మణి తల ఎత్తి చూసింది, తోక నేలకేసి కొట్టింది, మళ్లీ తల వాల్చేసింది. మా లెక్కలో అది నూటికి నూరు మార్కులు. చప్పట్లు కొట్టబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"లేచి కూడా రాలేదే పాపా."

"నువ్వొస్తావని దానికి నమ్మకం కుదిరింది మామా. దీనికే గదా ఇన్నాళ్లు కష్టపడింది?"

"అవునవును" అన్నాడు. చెప్పులు విడవడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు.

షెల్టర్‌కి నేనే చెప్పాను, రెండోది వచ్చింది. దాని పేరు రాణి, చిన్న వయసుది. మామ కాళ్లకి అడ్డం పడుతూ తిరిగేది, ఆయన స్నానానికి పోతే తలుపు దగ్గర కూర్చుని ఏడ్చేది. నేను కొత్త చాప తీసుకుని వెళితే మామ అడ్డం చెప్పాడు.

"దీనికి వద్దు పాపా. ఏడిస్తే ఏడవనీ. నేను బయటికి పోతే ఒకరన్నా ఏడవాల గదా."

సరేనని వచ్చేస్తే ఆయనకి సంతోషం. కానీ ఆ పిల్ల కుక్క గతేమిటి?

"దానికి నీ మీద ప్రేమ ఎట్లయినా ఉంటాది మామా. ఆ ఏడుపు ప్రేమ కాదు, భయం. మళ్లీ వదిలేసి పోయినారనే భయం. మణి గోళ్లు చూసినావు గదా?"

మామ రాణిని దగ్గరికి పిలిచి, దాని ముందుకాలు చేతిలోకి తీసుకుని గోళ్లు ఒక్కొక్కటీ నిమిరాడు. తర్వాత నా చేతిలోంచి చాప అందుకుని, మణి చాప పక్కన తనే పరిచాడు.

"సరే, నేర్పు. నా బాధ దానికెందుకు?" అన్నాడు.

ఆ ఇంటి తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. ఆఖరి పరీక్షకి ముందే యజమానులకి చెప్పేస్తున్నాను: తలుపు తీస్తే మీ కుక్క లేచి రాకపోవచ్చు, గుండె రాయి చేసుకోండి అని. చాలామంది నవ్వుతారు. నవ్వని వాళ్లింట్లో మాత్రం, పని అయిపోయినా కాసేపు కూర్చుని కాఫీ తాగి వస్తాను.