ఎత్తు పీటల పెళ్ళి

తొంభైల నడుమ భిలాయిలోని ఒక ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. నాకిచ్చింది ఎముకల వార్డు. సర్జన్ కీలు మార్చి కుట్లు వేశాక, ఆ కీలుచేత పని చేయించడం మా వంతు. చేరిన ఏడాదే సింహాచలం రెండు తుంటి కీళ్ళూ మార్పించుకోవడానికి వచ్చాడు.

అతనిది భిలాయిలోనే తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్ బస్తీ. ముప్ఫై నిండని మనిషి, ఇస్త్రీ బండి నడిపేవాడు. వెన్నునూ తుంటినీ బిగదీసే ఒక రకం వాతంవల్ల అతని తుంటి కీళ్ళు ఎముకకు ఎముక అతుక్కుపోయాయి. నిలబడగలడు, పడుకోగలడు, కూర్చోలేడు. అన్నం కూడా గోడకు ఆనుకుని నిలబడే తినేవాడు. మేనమామ కూతురు గౌరి చేసుకుంటే అతన్నే చేసుకుంటానని పట్టుబట్టింది. పీటల మీద కూర్చోలేనివాడికి పెళ్ళేమిటని ఇతను తప్పించుకుంటూ వచ్చాడు.

ఈ ఆపరేషన్‌లో తొడ ఎముక పైకొసనున్న గుండు తీసేసి లోహపు గుండు పెడతారు. అది తిరగడానికి తుంటిలో ప్లాస్టిక్ గిన్నె అమరుస్తారు. రెండింటినీ పట్టి ఉంచేది ఎముకల సిమెంటు. ఆ మాట వినగానే సింహాచలం, ఊరి పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీని తలచుకుని, “జాముల్ సిమెంటేనేటి మేడమ్?” అని వార్డంతా నవ్వించాడు.

ముందు ఒక తుంటి, కొన్ని వారాలకు రెండోది అయ్యాయి. రెండో దాని కుట్లు మానాక అతన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. కిందికి చూసుకుని, “మేడమ్, నాకు ఒడి వచ్చింది సూడండి!” అన్నాడు. నిలబడ్డ మనిషికి ఒడి ఉండదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. గౌరి ఇడ్లీల పళ్ళెం తెచ్చి ఆ ఒడిలో పెట్టింది.

మర్నాడు జాగ్రత్తలు చెప్పాను. తుంటి లంబకోణం దాటి వంగకూడదు. కాలిమీద కాలు వేయకూడదు. నేలమీద, పీటమీద బాసింపట్టు వేసుకోకూడదు. వేస్తే గుండు గిన్నెలోంచి జారిపోవచ్చు. సర్జన్ ముందే చెప్పినా, కూర్చోవచ్చన్న ఒక్క మాటే అతని చెవికెక్కింది. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. “పీటమీద కూకోనప్పుడు ఇదంతా దేనికి?” అన్నాడు. ఆ పూట వ్యాయామం చేయలేదు, మర్నాడూ చేయలేదు. అలాగే వదిలేస్తే కండ బిగుసుకుని పడ్డ కష్టమంతా వృథా అవుతుంది.

గౌరికి చెప్పాను. ఆమె మంచం దగ్గరికొచ్చి నడుముమీద చెయ్యి వేసుకుని, “ఎత్తుగా సేయిస్తే పీట పీట కాకుండా పోద్దేటి బావా? మా నాన్న వడ్రంగే కదా!” అంది. ఎంత ఎత్తుండాలని నన్నడిగింది. మోకాళ్ళు తుంటికంటే కిందికుండాలని చెప్పి, అతని కాలు కొలిచి ఇచ్చాను. సింహాచలం మెల్లగా ఇటు తిరిగి, “మరి పంతులుగారు ఒప్పుకోవాలి గదా?” అన్నాడు. ఒప్పిస్తానని గౌరి అంది. ఆ సాయంత్రమే అతను కాలెత్తడం మొదలుపెట్టాడు.

పెళ్ళి ఖుర్సీపార్‌లో వాళ్ళ వీధిలోనే పందిరి వేసి చేశారు. గౌరి వాళ్ళ నాన్న రెండు పీటలకు పొడుగు కాళ్ళు బిగించాడు. సింహాచలం దర్జాగా కూర్చున్నాడు. గౌరి పొట్టి, పాదాలు నేలకందక ఊగుతున్నాయి. పిల్లలు, ఆడవాళ్ళు అందరూ ఒకటే నవ్వు. పెళ్ళికూతురు అందరికంటే గట్టిగా నవ్వింది. నేలమీద కూర్చుని మెడ నిక్కించి మంత్రాలు చదువుతున్న పంతులుగారు కాసేపటికి ఆపి, తన మోకాళ్ళూ పట్టేశాయనీ, తనకూ ఎత్తుపీట ఒకటి వేయమనీ అడిగారు. ఇంట్లోంచి స్టూలు తెచ్చి వేశారు. తలంబ్రాలప్పుడు సింహాచలం దోసిలి నిండా తీసుకుని, ముందుకు వంగకుండా, నేను నేర్పినట్టే చేతులు మాత్రమే చాచి పోశాడు. మరుసటి వారం పంతులుగారు మోకాళ్ళు చూపించుకోవడానికి మా విభాగానికి వచ్చారు.

ఆ తర్వాత ఆపరేషన్‌కు ముందే ప్రతి రోగినీ కొత్త కీలుతో ఏం చేయాలనుకుంటున్నారో అడగడం మా వార్డులో పద్ధతిగా పెట్టాను. ఒకరు పొయ్యి ముందు కూర్చోవాలంటారు, ఒకరు ప్రార్థనలో మోకరిల్లాలంటారు. కుదరనివాటికి బదులేమిటో అప్పుడే ఆలోచిస్తే, వద్దన్న పనుల జాబితా చూసి ఎవరూ గోడవైపు తిరగరు.